ముందు వెళ్ళిన మూట

పోయిన నెల బరంపురంలో మా మనవరాలికి రెండో కాన్పు అయింది. మొదటిది ఆపరేషన్. ఈసారి కొయ్యకుండా అయ్యే వీలుంది, ప్రయత్నిద్దాం అని డాక్టరమ్మ ముందే చెప్పిందట. ఆ సంగతి నా చెవిన ఎవరూ వెయ్యలేదు. ముసలిదానికి ఇవన్నీ ఎందుకనుకున్నారు కాబోలు. నర్సింగ్ హోమ్ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, లోపల ఆపరేషన్ జరుగుతోందనుకుంటూ నేను నిబ్బరంగా తమలపాకులు నములుతున్నాను. ఇంతలో డాక్టరమ్మ బయటికొచ్చి, "మామ్మగారూ, మునిమనవడు. కత్తి ముట్టుకోకుండానే వచ్చేశాడు" అంది. అందరూ ఒక్కసారి నవ్వారు, ఎవరో మిఠాయి డబ్బా విప్పారు. నేను మాత్రం నోట్లో ఆకు తీసి పారేశాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే మనవరాలి మొగుడు వాటిని ఆనందబాష్పాలనుకుని తన రుమాలిచ్చాడు. మంచి కుర్రాడు, ఎందుకు కాదనాలని తీసుకున్నాను. తర్వాత డాక్టరమ్మ ఒంటరిగా దొరికినప్పుడు, పాత కుట్టు ఏమైనా అయితే ఏం చేసేదానివమ్మా అని అడిగాను. "మొదటి కోత కింద అడ్డంగా పెట్టారు మామ్మగారూ, అందుకే ఒప్పుకున్నాను. బిడ్డ గుండె చప్పుడు వింటూ పక్కనే ఉన్నాను. పక్కగదిలో ఆపరేషన్‌కి అన్నీ సిద్ధంగా ఉన్నాయి" అంది. ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి దీవించాను. ఇంటికొచ్చాక ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఒకసారి కోసిన కడుపు కొయ్యకుండా నీళ్ళాడడం నేను చూడ్డం అది మొదటిసారి కాదు. మొదటిసారి చూసేటప్పటికి నాకు పదహారేళ్ళు, కాపురానికొచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. మా అత్తవారి ఊరు గంజాం అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. కానీ ఒరిస్సాని వేరే చేస్తారట, మనల్ని అందులో కలిపేస్తారట అని అరుగుల మీద రోజూ వాదనలే. మా మావగారు పంచాంగం చెప్పేవారు, పౌరోహిత్యం చేసేవారు. ఆయనకీ, వీధి చివర ఉండే ఒరియా మాస్టారికీ ఈ విషయం మీద భోజనాలు చల్లారిపోయేటంత గొడవ జరిగేది. గొడవ తెలుగులో మొదలై ఒరియాలో ముగిసేది. తిట్టుకోవడానికి పక్కవాడి భాషే బాగుంటుందని ఇద్దరికీ తెలుసు. మర్నాడు పొద్దున్న మాస్టారు తన మనవడికి తారాబలం చూపించుకోడానికి మళ్ళీ మా అరుగు మీదికే వచ్చేవాడు.

గంజాం ఒకప్పుడు పెద్ద పట్నమట. ఎప్పుడో విషజ్వరం వచ్చి ఊరు ఊరంతా ఎత్తిపోయిందట. కచేరీలూ, దొరలూ, దర్జాలూ ఏరు దాటి అవతలికి పోగా, మిగిలిన వాళ్ళం మేము. మా పెరట్లో నిలబడితే పై కప్పులు లేని పాత మేడల గోడలు కనిపించేవి. రుషికుల్య ఏరు సముద్రంలో కలిసే మొగ నుంచి ఉప్పుగాలి వచ్చి ఇంట్లో తలుపు గొళ్ళాలన్నీ తుప్పు పట్టించేది. రైలు ఏటి మీది వంతెన దాటుతున్నప్పుడు ఆ చప్పుడు మా వంటింట్లోకి వినిపించేది. బరంపురం వెళ్ళాలంటే ఆ వంతెన దాటాలి. రైలెక్కితే ఎంతో దూరం లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే మా ఇంట్లో అందరూ మరిచిపోయింది అదే.

ఆ ఇంటికి పెద్దకోడలు, నా తోడికోడలు. నేను అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను చిన్నా అనేది. పొడగరి, నవ్వితే పై పళ్ళన్నీ కనిపించేవి, ఏ పనైనా పాట పాడుతూ చేసేది, ఆ పాట ఒక్కనాడూ శ్రుతిలో ఉండేది కాదు. పుట్టిల్లు బరంపురం. మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్ళి, రోజుల తరబడి నొప్పులు పడి ప్రాణం మీదికి వస్తే, వాళ్ళమ్మ ఎవరి మాటా వినకుండా జట్కాలో వేసుకుని దొరసానుల ఆసుపత్రికి తీసుకెళ్ళిందట. అక్కడ పొట్ట కోసి ఆడపిల్లను తీశారు. తల్లీ పిల్లా ఇద్దరూ బతికారు. అప్పట్లో అది ఊరూ వాడా చెప్పుకునే వింత. మా మావగారికి మాత్రం అందులో వేరే చిక్కు కనిపించింది. దొరసాని కాఫీ తాగి తీరిగ్గా కత్తి పట్టుకున్న వేళ జన్మలగ్నం ఎలా అవుతుందని ఆయన ఆ పిల్లకి జాతకం రాయలేదు. జాతకం లేని ఆ పిల్ల ఇల్లంతా దుమ్ము రేపుతూ తిరిగేది.

నేను కాపురానికొచ్చేసరికి అక్క వాళ్ళమ్మ పోయింది. ఉన్న ఒక్క అన్నా పెళ్ళాం బిడ్డలతో రంగూన్ వెళ్ళిపోయాడు. పుట్టింటికి తాళం పడింది. అప్పుడే అక్కకి మళ్ళీ నెల తప్పింది. ఒక మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా నన్ను సామాన్ల గదిలోకి పిలిచి, తలుపు చేరవేసి, చీర పక్కకి తీసి చూపించింది. బొడ్డు పక్క నుంచి కిందికి, నిలువుగా, జానెడు పొడుగు గాటు. మెరుస్తోంది. కడుపు పెరిగిన కొద్దీ అది సాగి ఉల్లిపొరలా పలచబడుతోంది. "సూడవే చిన్నా, బొంత కుట్టినట్టు కుట్టేరు" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అప్పుడు నవ్వు ఆపి దొరసాని మాట చెప్పింది. "లోపల గర్బసంచికీ ఇదే కోతట. ఇంకోసారి కడుపొస్తే ఎనిమిదో నెల దాటకుండా వచ్చీమంది. నొప్పులు రానీకూడదంట. వస్తే ఆ కుట్టు తెగిపోతాదంట." ఆవిడ అలా అంటూ అరచెయ్యి గాటు మీద పెట్టుకుంది. ఆ తర్వాత ఎప్పుడు చూసినా, బియ్యం ఏరుతున్నా, పిల్లకి జడ వేస్తున్నా, ఒక చెయ్యి అక్కడే ఉండేది.

ఏడో నెల వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళనని మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఈ సంగతి న్యాయంగా చెప్పాలి. మా మావగారు దుర్మార్గుడు కాదు, కోడళ్ళంటే ప్రాణం పెట్టేవారు. ఆయన బాధల్లా శుక్రుడితో. ఆ రోజుల్లో శుక్రుడు సాయంత్రాలు పడమటి దిక్కున కనిపిస్తున్నాడు. బరంపురం మాకు అటువైపే. కొత్త పెళ్ళికూతురు, కడుపుతో ఉన్న మనిషి, చంటిబిడ్డ తల్లి, ఈ ముగ్గురూ శుక్రుడికి ఎదురు ప్రయాణం చెయ్యకూడదని శాస్త్రం. దానికి విరుగుడూ శాస్త్రంలోనే ఉంది. చంద్రుడు రేవతి నక్షత్రంలో అడుగుపెట్టింది మొదలు అశ్విని, భరణి దాటేవరకూ శుక్రుడికి కళ్ళు కనపడవట. గుడ్డి శుక్రుడికి ఎదురెళ్ళినా దోషం లేదు. కాబట్టి నెలకి రెండు మూడు రోజులు దారి తెరుచుకుంటుంది. ఆ రోజుల కోసం మావగారు పంచాంగం తిరగేస్తుంటే, పెళ్ళికి ముహూర్తం పెడుతున్నంత సరదాగా ఉండేది ఆయన మొహం.

మొదటి నెల ఆ రోజులు వచ్చేసరికి బావగారికి, అంటే అక్క భర్తకి, సెలవు దొరకలేదు. ఆయన ఛత్రపురంలో కలెక్టరు కచేరీలో గుమాస్తా. వారమంతా అక్కడే గది తీసుకుని ఉండి ఆదివారాలు వచ్చేవారు. అవి శిస్తు లెక్కలు తేల్చే జమాబందీ రోజులు, సెలవు అన్న మాట నోటమ్మట వస్తే పైవాళ్ళు కొరికేసేలా ఉండేవారట. మా ఆయన బరంపురంలో కాలేజీలో చదువుకుంటున్నారు, పరీక్షలు. మావగారికి పెళ్ళిళ్ళ కాలం, రోజుకో ఊరు. మగదిక్కు లేకుండా నిండు కడుపు మనిషిని రైలెక్కించడం ఎలాగని అత్తగారు. ఈ నలుగురి కారణాలూ విడివిడిగా చూస్తే ఒక్కటీ తప్పు కాదు. అక్క తలుపు చాటున నిలబడి, "అత్తయ్యా, ఎనిమిదో నెల దాటకూడదందండి దొరసాని. మావయ్యగారికి మరోపాలి సెప్పండి" అనేది. అరుగు మీంచి మావగారి జవాబు వచ్చేది. "ఎరుగుదునమ్మా. శుక్రుడు కళ్ళు మూసుకోనీ. తొందరేటి?"

ఎనిమిదో నెలలో మళ్ళీ శుక్రుడు కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ సెలవు లేదు. అప్పుడు మావగారికి గొప్ప ఉపాయం తట్టింది. ప్రస్థానం పెట్టేద్దామన్నారు. ఈ కాలం వాళ్ళకి తెలియదు గాని, మంచి ముహూర్తానికి మనిషి బయలుదేరలేకపోతే ఆ మనిషి బట్టలూ, కాస్త బియ్యం, పసుపూ మూటగట్టి ఆ వేళకి గడప దాటించి, వెళ్ళే దిక్కున మరొకరి ఇంట్లో పెట్టేవాళ్ళు. దాంతో ప్రయాణం మొదలైనట్టే. మనిషి తర్వాత వీలు చూసుకుని ఆ ఇంటి మీదుగా వెళ్తే చాలు. అక్క నేతచీర ఒకటి, రెండు పసుపుకొమ్ములు, దోసెడు బియ్యం కట్టి, మావగారు స్వయంగా మోసుకెళ్ళి వీధి చివర ఒరియా మాస్టారింట్లో అటక మీద పెట్టి వచ్చారు. మాస్టారి భార్యని మేమంతా పిన్నీ అన్నట్టు ఒరియాలో మావుసీ అని పిలిచేవాళ్ళం. ఆవిడ దానికి బొట్టు పెట్టి దణ్ణం కూడా పెట్టిందట.

ఆ రోజు నుంచి ఇంట్లో అందరి గుండెలూ తేలికపడ్డాయి. నాకు భయం పట్టుకున్నది సరిగ్గా అప్పుడే. ముందు రోజు దాకా, వెళ్ళాలి వెళ్ళాలి అని అందరి మెడ మీదా కత్తి వేలాడుతుండేది. మూట వెళ్ళిపోయాక, పెద్దకోడలు వెళ్ళిపోయినట్టే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అత్తగారైతే ఒకరోజు విస్తళ్ళు వేస్తూ ఒకటి తక్కువ వేశారు. ప్రస్థానానికి ఇన్నాళ్ళని గడువుంటుంది కదా అని పరీక్షల మధ్య ఒక పూట ఇంటికొచ్చిన మా ఆయన చేత అడిగించాను. మామూలు వాళ్ళకి తక్కువ, రాజులకి ఎక్కువ అని శాస్త్రమట. కడుపులో ఉన్నవాడు రాజో బంటో ఎవరికి తెలుసు, అంచేత రాజు లెక్కే పట్టుకోవాలని మావగారు తేల్చారు. ఆయన తెలివికి మా ఆయన పడి పడి నవ్వారు. అక్క నవ్వలేదు. పెరట్లో బట్టలు ఆరేస్తూ, "మూట బయలెల్లిపోయింది, నాను ఉండిపోయాను" అంది.

ఆ వారంలోనే దొరసాని చెప్పిన రెండో మాట నాకూ అత్తగారికీ చెప్పింది. కుట్టు తెగితే ఎలా తెలుస్తుందంటే, నొప్పి ఉన్నట్టుండి ఆగిపోతుందట. ఒళ్ళు చల్లబడి, మనిషి నిద్రపోయినట్టు పడుంటుందట. "నాను అరుస్తున్నంతసేపూ బాగున్నట్టు లెక్క. ఊరుకున్నానంటే అప్పుడు భయపడండి" అంది. అత్తగారు మజ్జిగ చిలుకుతూ, "నొప్పి తగ్గితే మంచిదే గదే, ఏటా అపశకునం మాటలు" అని కోప్పడ్డారు.

శుక్రుడు మళ్ళీ కళ్ళు మూసుకునే రోజుల కోసం చూస్తుండగానే నొప్పులొచ్చాయి. పొద్దున్న నూతి దగ్గర నేను నీళ్ళు తోడుతుంటే అక్క వచ్చి గట్టు పట్టుకుని నిలబడింది. మొహం పాలిపోయి ఉంది. "చిన్నా, మొదలైంది" అంది. సరిగ్గా అప్పుడే బరంపురం వెళ్ళే పొద్దుటి రైలు వంతెన మీదికి ఎక్కింది. ఇద్దరం ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా వింటూ నిలబడ్డాం. మళ్ళీ రైలు సాయంత్రమే. బండి మీద వెళ్దామంటే ఏటి దగ్గర పడవ కోసం కాచుకోవాలి. ఆ కుదుపులకి ఏమవుతుందో అనుకోడానికే ఎవరికీ ధైర్యం లేదు. సాయంత్రం దాకా ఆగితే రైలెక్కించవచ్చని అత్తగారు అన్నారు. నొప్పులు ఎవరి మాట విని ఆగుతాయి?

మావగారు పంచాంగం ముందేసుకుని కూర్చున్నారు. ఆయన చేతులు ఒకే పేజీని మళ్ళీ మళ్ళీ తిప్పడం నేను మొదటిసారి చూశాను. ఆ చేతుల్ని చూస్తే జాలేసింది, ఆ పంచాంగాన్ని నూతిలో పారెయ్యాలనీ అనిపించింది. కాసేపటికి తలెత్తి చెప్పారు. ప్రస్థానం పెట్టిన మనిషి ఈ ఇంట్లో లేనట్టు లెక్క, లేని మనిషి ఇక్కడ పురుడు పోసుకుంటే ప్రయాణం మధ్యలో వెనక్కి తిరిగినట్టవుతుంది, మూట ఎక్కడుందో మనిషీ అక్కడికే చేరాలి. ఇలాంటి వేళ ఇలాంటి తీర్పు మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా వినం. అక్క లేచింది. ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చెయ్యి పొట్ట మీద వేసుకుని, నొప్పి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరి అరుగు పట్టుకుని ఆగుతూ, మండుటెండలో వీధి చివరి దాకా నడిచింది. జాతకం లేని పిల్ల మా వెనకాలే వస్తుంటే అత్తగారు ఎత్తుకుని లోపలికి తీసుకుపోయారు. వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకొచ్చి చూశారు.

మావుసి ధాన్యం బస్తాలు జరిపించి ఒక గది ఖాళీ చేసింది. బెస్తవాడ నుంచి మంత్రసాని వచ్చింది. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతి మీద పుట్టినవాళ్ళే. ఆముదం గిన్నె పక్కన పెట్టుకుని, చేతులు రుద్దుకుని, దుప్పటి తీసింది. గాటు చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది. నొప్పి వచ్చినప్పుడు అది కడుపు మీద పైకి లేచి నిలబడుతోంది. "ఇది కోసిన కడుపు గదా తల్లీ. నానిలాటిది ఎప్పుడూ సూడనేదు. లోపల ఏటున్నదో కోసినోలకే తెలవాల. నా సెయ్యి పడి ఇరిగిపోతే నానేటి సెప్పుకోను?" అంది. అత్తగారు బతిమాలారు. లాభం లేకపోయింది. వెళ్ళిపోనూ లేదు, గుమ్మం దగ్గర గోడకి చేరగిలబడి చుట్ట నోట్లో పెట్టుకుని కూర్చుంది. మామూలుగా అయితే మా వైపు మంత్రసానులు బిడ్డ దిగడానికి పై నుంచి రెండు చేతులా నొక్కేవాళ్ళు, తొందరగా అవడానికి అవీ ఇవీ తాగించేవాళ్ళు. ఆ రోజు భయంతో ఎవరూ ఏమీ చెయ్యలేదు. అక్క పొట్ట మీద చెయ్యి కూడా వెయ్యకుండా అందరం చుట్టూ కూర్చున్నాం.

ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. పెంకుల సందులోంచి పడిన ఎండ పొడ ఒక గోడ మీంచి ఇంకో గోడ మీదికి పాకింది. అక్క అరిచినప్పుడల్లా నాకు ప్రాణం లేచొచ్చేది. మనిషి అరుపు కోసం దేవుడికి మొక్కుకోవడం ఏమిటో మీకు తెలియకపోతే మీరు అదృష్టవంతులు. నొప్పికీ నొప్పికీ మధ్య కళ్ళు మూసుకుని ఊరుకునేది. అప్పుడు నేను ఊపిరి బిగబట్టి ఆవిడ నుదురు తాకి చూసేదాన్ని, చల్లబడిందేమోనని. మావుసి తడిగుడ్డతో పెదాలు అద్దుతూ, భయం లేదమ్మా అన్నట్టు, "డొరొ నా, మా, డొరొ నా" అని జపంలా అంటూ ఉంది. ఒకసారి మరీ ఎక్కువసేపు ఊరుకుంది. మంత్రసాని చుట్ట తీసి పక్కన పెట్టింది. అత్తగారు నా వైపు చూశారు. నేను "అక్కా" అన్నాను, పలకలేదు. మళ్ళీ అన్నాను. కళ్ళు తెరవకుండానే, "సచ్చిపోనేదే, కాస్త ఊపిరి తీసుకోనీ" అంది. ఆ వెంటనే వచ్చిన నొప్పికి ఆవిడ అరిచిన అరుపు మా అరుగు మీద కూర్చున్న మావగారికి వినిపించిందట.

పొద్దు వాలకముందే మగపిల్లాడు పుట్టాడు. తనంతట తనే, ఎవరి చెయ్యీ పడకుండా. మాయ కూడా పూర్తిగా పడ్డాక మంత్రసాని ముందుకొచ్చి బొడ్డు కోసింది. అక్క పొట్ట మీద చెయ్యేసి గాటంతా తడుముకుని, అది అక్కడే ఉందని రూఢి చేసుకుని, పక్కకి తిరిగి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంత సంతోషం తర్వాత నా సొంత కాన్పుల్లో కూడా నేను ఎరగను. సాయంత్రం రైలుకి బావగారు కబురందుకుని పరిగెత్తుకొచ్చి, అటక మీది మూటనీ, కింద పడుకున్న పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశారు.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథే. మా మావగారు ఇక్కడితోనే ఆపి చెప్పుకునేవారు. శుక్రుడు వచ్చి చూస్తే మనిషి ఇంట్లో లేదు, ముందే బయలుదేరిపోయింది, ఆయన ఏం చెయ్యగలడు, అనేవారు అరుగు మీద కూర్చుని. ఆ మనవడికి ఆ సాయంత్రమే జాతకచక్రం వేశారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గర్భిణులకి ప్రస్థానం పెట్టించుకోడానికి ఆయన దగ్గరికి రావడం మొదలైంది. అత్తగారు అమ్మలక్కల్లో, "కొయ్యకపోతే బతకదన్నాది దొరసాని, ఏటైనాది ఇప్పుడు?" అనేవారు. మంత్రసాని అయితే, కోసిన కడుపుని తన చేత్తో నీళ్ళాడించానని బెస్తవాడంతా చెప్పుకుంది. చెప్పగా చెప్పగా ఆవిడే నమ్మేసింది. అక్క కూడా నవ్వేసేది. గాటు మీద చెయ్యి పెట్టుకోవడం ఎప్పుడు మానేసిందో నేను గమనించనేలేదు.

మూడేళ్ళు గడిచాయి. ఒరిస్సా వేరే అయింది, గంజాం అందులోకి పోయింది, మావగారు వాదనలో ఓడిపోయి మాస్టారికి ఒక పూట భోజనం పెట్టారు. మా ఆయనకి బరంపురం బళ్ళో ఉద్యోగం దొరికి మేము అక్కడ కాపురం పెట్టాం. అక్కకి మళ్ళీ ఏడో నెల వచ్చిందని తెలిసి నేను గంజాం వెళ్ళాను. మా ఇంటికి వచ్చెయ్యి, ఆసుపత్రి నాలుగు వీధుల అవతలే అన్నాను. ఈసారి శుక్రుడు కూడా అడ్డం లేడు. అక్క మావిడికాయలు తుడుస్తూ నా చెంప మీద తట్టింది. "ఇంకా ఆ దొరసాని మాట పట్టుకు ఏలాడతన్నావా చిన్నా? పోయినపాలి ఏటైనాదని? ఊరగాయలెట్టీసి వస్తాలే, తొందరేటి" అంది. నేను గట్టిగా పట్టుబట్టాను, అత్తగారితోనూ చెప్పాను, బావగారితోనూ చెప్పించాను. అందరూ సరేనన్నారు. వాళ్ళు అబద్ధమాడలేదు, నిజంగానే పంపుదామనుకున్నారు.

బావగారే వచ్చి చెప్పారు. మా గుమ్మంలోనే కూలబడిపోయారు, లోపలికి రమ్మన్నా రాలేదు. పొద్దున్న నొప్పులొచ్చాయట. మంత్రసాని వచ్చిందట. ఈసారి ఆవిడకి భయం లేదు. చేతులకి ఆముదం రాసుకుని, తొందరగా అవుతుందని పై నుంచి నొక్కిందట. మధ్యాహ్నానికి నొప్పులు ఒక్కసారి తగ్గిపోయాయట. "పాపం, కునుకు పట్టినాదని అమ్మ తలుపు సేరేసింది" అన్నారు బావగారు. ఆ తలుపు మళ్ళీ తీసేసరికి తల్లీ లేదు, లోపలి బిడ్డా లేదు. అత్తగారికి అక్క చెప్పిన మాట గుర్తు రాలేదా అని నేను ఎన్నో ఏళ్ళు కోపంగా ఉన్నాను. గుర్తొచ్చే ఉంటుందని, ఆ తర్వాత అనిపించింది. తలుపు తీశాక గుర్తొచ్చి ఉంటుంది. అప్పటి నుంచి ఆవిడ పోయేదాకా పట్టపగలు ఎవరైనా కన్ను మూస్తే లేపేసేవారు.

గడిచిపోయిన కాలానికి ఇప్పుడు భయపడి ఏం లాభం అంటారు మా పిల్లలు, నిజమే. ఆ ఇంట్లో నేను చాలా చూశాను. పంచాంగంలో ఒకే పేజీ తిప్పుతూ ఉండిపోయిన చేతులు చూశాను, ఆ ధాన్యం గదిలో ఎండ పాకడం చూశాను. కానీ అన్నిటికంటే నాకు ఇప్పటికీ గుండె దడ పుట్టించేది ఆ రెండు కాన్పుల మధ్య మూడేళ్ళే, మా ఇంట్లో ఎవరూ దేనికీ భయపడకుండా హాయిగా నవ్వుకుంటూ గడిపిన ఆ మూడేళ్ళు.